బోర్డు మీద 1938, ఆ తర్వాత 1980లు... మధ్యలో ఏమైంది? (దక్షిణ జర్మనీ పాత సినగాగులు)

నెక్కర్_గట్టు
మొన్న శనివారం స్టుట్‌గార్ట్‌కి దక్షిణాన ఒక చిన్న ఊరికి వెళ్ళాం. ఊరి పేరు రాయను, వాళ్ళని తిట్టినట్టు ఉంటుంది. సందులో ఒక పాత కట్టడం కనిపించింది. పొడవాటి కిటికీలు, పైన గుండ్రంగా ఉన్నాయి. గోడకి బోర్డు ఉంది: ఇది సినగాగ్, ఫలానా ఏడాది కట్టారు, 1938 నవంబరులో ధ్వంసమైంది, 1980లలో బాగుచేశారు. అంతే.

నాకు రెండు సందేహాలు. ఒకటి, బస్సు గంటకోసారి కూడా రాని పల్లెటూళ్ళో యూదులకి అంత పెద్ద ప్రార్థనా మందిరం ఎందుకు కట్టారు? రెండు, ధ్వంసానికీ బాగుచెయ్యడానికీ మధ్య నలభై ఏళ్ళకి పైనే ఉంది. అన్నేళ్ళు ఆ నాలుగు గోడల మధ్య ఏం జరిగింది? బోర్డు రాసినవాళ్ళకి చోటు చాల్లేదా? మా ఇంటి ఓనర్ పెద్దాయన్ని అడిగితే "అప్పట్లో ఏదో గోడౌన్" అని వెంటనే వాతావరణం గురించి మొదలుపెట్టాడు.

బాయిలర్_బాబు
గోడౌన్ అని ఒప్పుకున్నాడంటే మీ ఓనర్ నయం. మా ఓనర్ని చెత్తబుట్టల రంగుల గురించి తప్ప వేరే ఏది అడిగినా చెవులు వినపడవు.

హెచింగెన్_హేమ
గోడౌన్ మాత్రమే కాదు. మా చుట్టుపక్కలే చూడండి. హైగర్‌లోహ్ సినగాగ్ 1783లో కట్టింది. యుద్ధం తర్వాత అది సినిమా హాలు అయింది, తర్వాత సూపర్‌మార్కెట్, ఆ తర్వాత బట్టల గోడౌన్. బైసింగెన్‌లోది 1784 నాటిది, అది గడ్డి కొట్టం అయింది. రెక్సింగెన్‌లోది 1952 నుంచి ప్రొటెస్టెంట్ చర్చి, ఇప్పటికీ చర్చే. ఇవన్నీ కారులో ఒక్క పూటలో చుట్టిరాగల దూరంలోనే ఉన్నాయి.

నెక్కర్_గట్టు
హైగర్‌లోహ్‌కి నేను వెళ్ళాను! అణు నేలమాళిగ చూడటానికి. అక్కడ సినగాగ్ ఉందని ఎవరూ చెప్పలేదే.

హెచింగెన్_హేమ
అందరూ దానికే వెళ్తారు. 1945లో జర్మన్ శాస్త్రవేత్తలు రియాక్టర్ ప్రయోగం చేసిన గుహ కదా, పేరు గట్టిది. సినగాగ్ ఉన్నది హాగ్ అనే పేటలో. 1780 ప్రాంతంలో ఊళ్ళోని యూదుల్ని అక్కడికి చేర్చారు. సినగాగ్, రబ్బీ (యూదు మతగురువు) ఇల్లు, శ్మశానం అన్నీ ఒకే దగ్గర ఉంటాయి, నడిచి చూడొచ్చు. 1999లో మునిసిపాలిటీ ఆ కట్టడాన్ని కొంది, తర్వాత బాగుచేసి మ్యూజియం పెట్టారు.

పెద్దబాలశిక్ష
మొదటి సందేహానికి నేను చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపికున్నవాళ్ళు చదవండి.

మధ్యయుగంలో ఈ దేశపు యూదులు పల్లెటూరివాళ్ళు కారు. రైన్ నది ఒడ్డున స్పైయర్, వోర్మ్స్, మైన్స్ నగరాల్లో వాళ్ళవి పెద్ద సమాజాలు. వోర్మ్స్‌లో మొదటి సినగాగ్ 1034 నాటిది. 15వ శతాబ్దంలో నగరాలు ఒకదాని తర్వాత ఒకటి వాళ్ళని వెళ్ళగొట్టాయి. ఔగ్స్‌బుర్గ్ 1438లో ఆ నిర్ణయం తీసుకుంది. న్యూరెంబెర్గ్ 1499లో, రేగెన్స్‌బుర్గ్ 1519లో. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న వ్యుర్టెంబెర్గ్ డచీ (డ్యూక్ ఏలే రాజ్యం) 1498లో తలుపులు మూసేసింది, మళ్ళీ తెరవడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది.

మరి వాళ్ళంతా ఎక్కడికి పోయారు? ఆ రోజుల్లో నైరుతి జర్మనీ ఒక్క రాజ్యం కాదు. డచీలు, మఠాల భూములు, వాటి మధ్య ఐదారు ఊళ్ళకి దొరలైన నైట్లు. మన రాయలసీమ పాళెగాళ్ళని ఊహించుకోండి, కోట చిన్నది, పొగరు పెద్దది, ఖజానా ఎప్పుడూ ఖాళీ. ఈ చిన్న దొరలు యూదుల్ని రమ్మన్నారు. ప్రేమతో కాదు, ప్రతి కుటుంబం ఏటా కట్టే రక్షణ పన్ను కోసం. దొర రాసిచ్చిన పత్రం ఉంటేనే ఊళ్ళో ఉండాలి. భూమి కొనకూడదు, చేతివృత్తుల సంఘాల్లో చేరకూడదు. మిగిలినవి పశువుల బేరం, మూట నెత్తినపెట్టుకుని బట్టలమ్మడం, వడ్డీకివ్వడం. అందుకే ఈ ప్రాంతంలో యూదులు నగరాల్లో కనపడరు, ఎవరూ వినని ఊళ్ళలో కనపడతారు. కొన్ని ఊళ్ళలో జనాభాలో మూడో వంతు, సగం వాళ్ళే. నెక్కర్_గట్టు గారూ, మీరు చూసిన మందిరం ఆ ఊరికి పెద్దది కాదు, ఆ రోజుల్లో సరిగ్గా సరిపోయింది.

తెనాలి_తంబి
బాలశిక్ష గారు మొదలుపెడితే చాయ్ రెండోసారి వేడిచేసుకోవాల్సిందే. కానీ బాగుంది. మరి 1938 నాటికి ఆ సగం జనాభా అక్కడే ఉన్నారా?

పెద్దబాలశిక్ష
లేరు. చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు, అదే ఈ కథలో మనవాళ్ళకి తెలియని భాగం. 1861లో బవేరియా, 1862లో బాడెన్, 1864లో వ్యుర్టెంబెర్గ్ యూదులకి ఎక్కడైనా ఉండే హక్కు ఇచ్చేశాయి. రైలు వచ్చింది, ఫ్యాక్టరీలు వచ్చాయి. పల్లెల్లో ఎవరుంటారు? అంతకు ముందు బవేరియాలో 1813 చట్టం ప్రకారం ఒక్కో ఊళ్ళో ఇన్ని యూదు కుటుంబాలే ఉండాలని లెక్క. చిన్న కొడుకులకి పెళ్ళి చేసుకుని సొంత ఊళ్ళో కాపురం పెట్టే దారే ఉండేది కాదు. అమెరికా ఓడ ఎక్కడమే. బవేరియా ఉత్తర భాగమైన ఫ్రాంకోనియాలోని బుట్టెన్‌హైమ్‌లో 1829లో పుట్టిన లేవి స్ట్రాస్ 1847లో అలా వెళ్ళినవాడే. మీరందరూ వేసుకునే జీన్స్ ఆయనదే.

బాయిలర్_బాబు
నాది సేల్‌లో కొన్న వేరే కంపెనీది. చరిత్రకి నాకు సంబంధం లేదు.

ఊల్మ్_ఉష
బాలశిక్ష గారు చెప్పినదానికి మా వైపు ఉదాహరణ ఒకటుంది. గ్యోపింగెన్ పక్కన యేబెన్‌హౌసెన్. 1777లో లీబెన్‌స్టైన్ దొరలు యూదుల్ని రానిచ్చారు, 1804లో సినగాగ్ కట్టుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే గ్యోపింగెన్ మిల్లుల వైపు దిగిపోయారు. అక్కడ 1881లో కొత్త సినగాగ్ కట్టారు. పల్లెలో పదిమంది మగవాళ్ళు కూడా లేకపోతే సామూహిక ప్రార్థన సాగదు. అలా 1900 నాటికి యేబెన్‌హౌసెన్ సినగాగ్ మూతపడింది, తర్వాత కొట్టేశారు. బెంచీలు, షాండ్లియర్లు మాత్రం ఊళ్ళో ప్రొటెస్టెంట్ చర్చికి ఇచ్చేశారు. ఆ చర్చే 1992 నుంచి యూదుల మ్యూజియం, ఆ బెంచీలు ఇంకా అక్కడే ఉన్నాయి. గ్యోపింగెన్‌లో కట్టిన కొత్తదాన్ని 1938లో తగలబెట్టేశారు.

అంటే కావాలని ఖాళీ చేసిన సినగాగ్ తాలూకు బెంచీలు దక్కాయి, వాడుకలో ఉన్నది బూడిదైంది.

కొలోన్_కిట్టు
ఒక ప్రశ్న. నాజీలు సినగాగులన్నీ తగలబెట్టారని కదా స్కూల్లో చదివాం. మరి ఇన్ని ఎలా మిగిలాయి? పొరుగువాళ్ళు అడ్డుపడ్డారా? అలా అయితే మనం అనుకున్నంత చెడ్డవాళ్ళు కారేమో.

హెచింగెన్_హేమ
కిట్టు గారూ, పొరుగువాళ్ళు అడ్డుపడింది వాళ్ళ సొంత ఇళ్ళ కోసం. హెచింగెన్ సినగాగ్ 1767 నాటిది, ఇళ్ళకి ఇళ్ళు ఆనుకుని ఉన్న వీధిలో ఉంది. నిప్పు పెడితే వీధంతా పోతుంది. అందుకని 1938 నవంబరు 9 రాత్రి, అంటే నాజీలు దేశమంతా సినగాగుల మీద పడిన ఆ రాత్రి, లోపల దూరి బెంచీలు, దీపాలు, తోరా (యూదుల పవిత్ర గ్రంథం) పెట్టెతో సహా చితక్కొట్టారు. గోడలు మిగిలాయి.

పెద్దబాలశిక్ష
దానికి పై నుంచి లిఖితపూర్వక ఆదేశమే ఉంది. నవంబరు 10 తెల్లవారుజామున 1:20కి నాజీ భద్రతా పోలీసు అధిపతి హైడ్రిష్ పంపిన టెలిగ్రాం: చుట్టుపక్కలకి మంటలు అంటుకునే ప్రమాదం లేకపోతేనే సినగాగుల్ని తగలబెట్టండి. ఫైర్ ఇంజన్లు కూడా వచ్చాయి, పక్క ఇళ్ళ మీద నీళ్ళు కొట్టడానికి. ఔగ్స్‌బుర్గ్‌లోని పెద్ద సినగాగ్ 1917లో పూర్తయింది. దానికి నిప్పు పెట్టి మళ్ళీ వాళ్ళే ఆర్పారు, ఎందుకంటే దగ్గర్లో పెట్రోల్ బంకు ఉంది. ఆ రోజుల్లో దేశవ్యాప్తంగా 1,400కి పైగా సినగాగులు, ప్రార్థనా గదులు పాడయ్యాయి. నిలబడినవాటిలో ఎక్కువ భాగం ఇరుకు సందుల పుణ్యం.

ఇంకో రకం కూడా ఉంది. ఆ రాత్రికి ముందే అమ్ముడైపోయినవి. వ్యూర్స్‌బుర్గ్ దగ్గర ఫైట్స్‌హోఖ్‌హైమ్ సినగాగ్ 1938లోనే పంచాయతీ చేతికి వెళ్ళింది, కాబట్టి ముట్టుకోలేదు. 1940లో దాన్ని ఏం చేశారో తెలుసా? ఫైర్ స్టేషన్.

బాయిలర్_బాబు
సినగాగు మంటలకి నీళ్ళు కొట్టని ఫైరింజన్లని తెచ్చి సినగాగులోనే పార్క్ చేశారా!

పెద్దబాలశిక్ష
అవును. ఒక్కచోటే కాదు. బవేరియన్ స్వేబియాలో ఇఖెన్‌హౌసెన్ అనే ఊరుంది, 1781లో కట్టిన పెద్ద సినగాగ్. యుద్ధం తర్వాత అదీ ఫైర్ స్టేషనే. 1980ల చివర గానీ బాగుచెయ్యలేదు.

నెక్కర్_గట్టు
నేను అడిగింది సరిగ్గా ఇదే. 1938 గురించి బోర్డు ఉంది. 1938 నాజీలు చేశారు, నాజీలు పోయారు. 1950లో సినిమా హాలు పెట్టింది ఎవరు? ఫైరింజన్ నిలబెట్టింది ఎవరు? గడ్డి వేసింది ఎవరు? వాళ్ళు ఊరివాళ్ళు. వాళ్ళ మనవలు ఇప్పుడూ ఊళ్ళోనే ఉన్నారు. అందుకే బోర్డు మీద ఆ భాగం లేదు.

కొలోన్_కిట్టు
మరీ అంత కోపం అక్కర్లేదు. యుద్ధం తర్వాత దేశమంతా శిథిలం. తూర్పు నుంచి లక్షల మంది శరణార్థులు వచ్చిపడ్డారు. కప్పు ఉన్న ప్రతి కట్టడాన్నీ వాడుకున్నారు. ఖాళీ సినగాగులో ధాన్యం పెడితే తప్పా? ప్రార్థన చెయ్యడానికి ఎవరూ లేరు కదా.

హెచింగెన్_హేమ
ఎవరూ లేకుండా ఎందుకు పోయారో కూడా అదే వాక్యంలో చెప్పండి మరి.

1940 అక్టోబరు 22. బాడెన్, పాలటినేట్, సార్ ప్రాంతాల యూదులు 6,500 మందికి పైగా. కొద్ది గంటల్లో మూట కట్టుకోమని చెప్పి రైళ్ళెక్కించి ఫ్రాన్స్ దక్షిణ కొసన, పిరెనీస్ పర్వతాల పాదాన ఉన్న గ్యుర్స్ క్యాంపుకి పంపారు. కిప్పెన్‌హైమ్ అనే ఊళ్ళో ఆ రోజు తీసిన ఫోటోలు దొరికాయి. మామూలు వీధి, మామూలు పగలు, పోలీసులు, లారీలోకి ఎక్కుతున్న వయసుమళ్ళినవాళ్ళు. అదే ఊళ్ళో 1852లో కట్టిన సినగాగ్ ఉంది, ముందువైపు రెండు బురుజులతో. యుద్ధం తర్వాత దాన్ని రైతుల సహకార సంఘం గోడౌన్‌గా వాడుకుంది.

తెనాలి_తంబి
యుద్ధం తర్వాత ఆస్తి ఎవరి పేరు మీద ఉన్నట్టు? దస్తావేజులు?

పెద్దబాలశిక్ష
మంచి ప్రశ్న, నలభై ఏళ్ళ కథంతా ఇక్కడే ఉంది. 1938 తర్వాత పాడైన సినగాగుల్ని అమ్మెయ్యమని యూదు సమాజాల మీద ఒత్తిడి పెట్టారు, నామమాత్రపు ధరకి. కూల్చిన చోట్ల శిథిలాలు ఎత్తించే ఖర్చు కూడా వాళ్ళ నెత్తినే వేశారు. దానికి తోడు జర్మనీ యూదులందరి మీదా కలిపి వంద కోట్ల రైష్‌మార్కుల జరిమానా.

1945 తర్వాత ఆక్రమణ అధికారులు ఆస్తుల వాపసు చట్టాలు తెచ్చారు. వారసులే లేని సమాజ ఆస్తులు యూదు సంస్థల చేతికి వచ్చాయి. వాళ్ళకి అప్పుడు కావలసింది పల్లెటూళ్ళో ఖాళీ గోడలు కాదు, బతికున్నవాళ్ళకి తిండి, ప్రయాణాలు, కొత్త చోట గూడు. అందుకని అమ్మేశారు. కొన్నది పక్కింటి రైతు, సహకార సంఘం, మునిసిపాలిటీ. అంటే చాలాచోట్ల రెండో అమ్మకం చట్టప్రకారం శుభ్రమైనదే. "మేం డబ్బు పెట్టి కొన్నాం" అని ఊరివాళ్ళు అనడంలో అబద్ధం లేదు. మొదటి అమ్మకాన్ని మర్చిపోతే చాలు, అంతా సాఫీగా ఉంటుంది.

కొలోన్_కిట్టు
చూశారా, యూదు సంస్థలే అమ్మాయి. నేను చెప్పింది అదే.

నెక్కర్_గట్టు
కిట్టు గారికి నాలుగు పేరాల్లో ఒక్క వాక్యం నచ్చింది.

మాడరేటర్_2
వ్యక్తిగత విసుర్లు వద్దు. ఇంతకు ముందు ఒకరు ఇక్కడ "ముందు మన దేశంలో శిథిల గుడుల సంగతి చూడండి" అని పెట్టిన పోస్టు, దాని కింద పద్నాలుగు జవాబులు తీసేశాను. దానికి వేరే దారం (చర్చ) ఉంది.

రాయి_సున్నం
నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, ఇక్కడే దక్షిణ జర్మనీలో. రెండు మాటలు.

బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో చారిత్రక కట్టడాల రక్షణ చట్టం వచ్చిందే 1971లో. అప్పటికి చాలా సినగాగుల్ని కూల్చేశారు, పార్కింగ్ కోసం, రోడ్డు వెడల్పు కోసం. 1938లో నిలిచి, శాంతికాలంలో బుల్డోజర్ కింద పోయినవి తక్కువేం కాదు. 1978లో నలభయ్యో వర్ధంతి, 1979 జనవరిలో యూదుల ఊచకోత మీద తీసిన అమెరికా టీవీ ధారావాహిక ఒకటి ఇక్కడ ప్రసారమై ఇంటింటా గొడవ రేపింది. పిల్లలు అమ్మానాన్నల్ని అడగడం మొదలుపెట్టారు. స్కూలు టీచర్లు, పాస్టర్లు, కొద్దిమంది ఊరిపెద్దలు కలిసి సంఘాలు పెట్టి, చందాలు పోగుచేసి, ఒక్కొక్కటీ కాపాడారు. ఫ్రాయిడెంటాల్‌లో 1770 నాటి సినగాగ్ కూల్చివేత దాకా వెళ్ళి ఆగింది, 1985లో విద్యా సాంస్కృతిక కేంద్రమైంది. హెచింగెన్‌ది 1986లో తెరిచారు. అంచేత గడ్డి వేసింది ఊరివాళ్ళే అన్నది నిజమే, గడ్డి తీసింది కూడా ఊరివాళ్ళే. వాళ్ళని ఊళ్ళో చాలామంది మెచ్చుకోలేదు కూడా.

ఇక మరమ్మతు ఎలా చెయ్యాలి అన్నది మా వృత్తిలో అసలు తగువు. ఒక దారి: 1938కి ముందు ఎలా ఉండేదో అలాగే చెయ్యడం. రంగులు, బంగారు పూత, కొత్త బెంచీలు. చూడ్డానికి బాగుంటుంది, కచేరీలు పెట్టుకోవచ్చు. రెండో దారి బైసింగెన్‌లో చేసింది. 1998లో తెరిచారు. అక్కడ దేన్నీ దాచలేదు. గొడ్డళ్ళతో కొట్టిన చోట కొట్టినట్టే ఉంది. గడ్డి కొట్టంగా ఉన్నప్పటి గుర్తులు కూడా అలాగే వదిలారు. ఊడిన సున్నం ఊడినట్టే, ఇంకా ఊడకుండా మాత్రం పట్టి ఉంచారు. పైన చెక్క కప్పు మీద వేసిన నీలాకాశం, నక్షత్రాలు ఉన్నంతవరకే ఉన్నాయి.

ఇలా చెయ్యడం తక్కువ పని అనుకోకండి. కొత్తగా పూయడం కంటే పాత పూతని ఉన్నచోటే నిలబెట్టడానికి ఎక్కువ చెయ్యి కావాలి.

ఊల్మ్_ఉష
నేను బైసింగెన్ పక్షం.

కొలోన్_కిట్టు
నాకు నచ్చలేదు. రేపు మా ఇంట్లో ఎవరైనా చొరబడి ధ్వంసం చేస్తే, యాభై ఏళ్ళ తర్వాత ఆ విరిగిన సామాను మ్యూజియంలో పెడితే నాకు నచ్చదు. నా ఇల్లు బాగున్నప్పుడు ఎలా ఉండేదో అలా చూపించండి అంటాను. ఆ మందిరాన్ని కట్టుకున్నవాళ్ళు దాన్ని అందంగా కట్టుకున్నారు. వాళ్ళని ఎప్పుడూ బాధితుల్లాగే చూపిస్తే ఎలా? వందన్నర ఏళ్ళు అక్కడ పెళ్ళిళ్ళు జరిగాయి, పండగలు జరిగాయి.

నెక్కర్_గట్టు
ఇదొక్కటి మీరు బాగా చెప్పారు.

రాయి_సున్నం
కిట్టు గారి వాదన మా వాళ్ళలో కూడా ఉంది, బలమైనదే. పైగా పెళ్ళిళ్ళంటే గుర్తొచ్చింది. దక్షిణ జర్మనీ పాత సినగాగులు కొన్నిటికి బయట గోడలో ఒక రాయి ఉంటుంది, నక్షత్రం చెక్కి. పెళ్ళికొడుకు గాజు పాత్రని దానికేసి విసిరి పగలగొట్టేవాడు. వెళ్ళినప్పుడు వెతకండి. అలాంటివి కనపడాలంటే మరమ్మతు ఓపిగ్గా చెయ్యాలి.

నా అభిప్రాయం మాత్రం: ఒక ప్రాంతంలో పదున్నాయనుకోండి, తొమ్మిది మెరిసేలా చేసుకోండి, ఒక్కటైనా బైసింగెన్‌లా ఉంచండి. అన్నీ మెరిస్తే 1938 జరగనట్టే ఉంటుంది, మీ బోర్డులో మధ్య నలభై ఏళ్ళు ఎగిరిపోయినట్టే.

వీసా_వెయిటింగ్
కొత్త ప్రశ్న. ఫైట్స్‌హోఖ్‌హైమ్ అటక మీద ఏవో పాత కాగితాలు దొరికాయని ఎక్కడో చదివాను. నిధి లాంటిదా?

పెద్దబాలశిక్ష
చిరిగిన పుస్తకాలు. యూదులు దేవుడి పేరున్న కాగితాన్ని చెత్తలో వెయ్యరు, పాతిపెడతారు లేదా సినగాగ్ అటక మీద పడేస్తారు. ఫైట్స్‌హోఖ్‌హైమ్‌లో 1980ల్లో మరమ్మతు మొదలయ్యాక అటక మీద అలాంటి గుట్ట బయటపడింది. ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, ఉత్తరాలు. కింద ఫైరింజన్లు తిరుగుతున్న అన్నేళ్ళూ పైన ఇవి ఉన్నాయి. పల్లెటూరి యూదులు ఏం చదివేవారో చెప్పే ఆధారం అదే, ఎందుకంటే రాజులూ దొరలూ రాసిన దస్త్రాల్లో వాళ్ళు కట్టిన పన్నులు తప్ప ఏమీ ఉండదు.

బాయిలర్_బాబు
మా తాతయ్య అటక మీద 1974 నుంచి కరెంటు బిల్లులు ఉన్నాయి. ఏ చరిత్రకారుడూ రాలేదు.

తెనాలి_తంబి
పల్లెటూరి యూదులంటే అందరూ పేదలేనా?

హెచింగెన్_హేమ
మా హెచింగెన్ కరోలినె కౌల్లా పేరు వినలేదా? మేడమ్ కౌల్లా అంటారు. 1739లో బుఖావులో పుట్టింది. రాజులకి గుర్రాలు, ధాన్యం, సైన్యానికి సరుకు సరఫరా చేసింది. 1802లో వ్యుర్టెంబెర్గ్ రాజాస్థాన బ్యాంకు పెట్టినవాళ్ళలో ఆమె, ఆమె తమ్ముడు ఉన్నారు. 1809లో పోయింది, సమాధి ఇక్కడే. స్టుట్‌గార్ట్‌లో యూదులు స్థిరపడటం నిషేధమైన కాలంలో ఆ రాజ్యానికి అప్పిచ్చింది! అదే సమయంలో ఆమె ఊళ్ళోనే చాలా కుటుంబాలు రోజంతా మూటలు మోసి బతికేవి.

ఊల్మ్_ఉష
బుఖావు అనగానే ఐన్‌స్టైన్. ఆయన పుట్టింది మా ఊల్మ్‌లో 1879లో, కానీ వాళ్ళ నాన్నగారి ఊరు బుఖావు. అక్కడి సినగాగ్ 1938లో పోయింది.

తెనాలి_తంబి
రెక్సింగెన్ చర్చి సంగతి ఎవరూ మాట్లాడలేదు. సినగాగుని చర్చి చెయ్యడం నాకు గడ్డి కొట్టం కంటే ఇబ్బందిగా అనిపిస్తోంది. చెప్పలేను ఎందుకో.

హెచింగెన్_హేమ
చాలామందికి అనిపిస్తుంది. కానీ ఆ ఊరి సంగతి వేరు. రెక్సింగెన్ కాథలిక్కులు, యూదులు ఉన్న ఊరు. యుద్ధం తర్వాత ప్రొటెస్టెంట్ శరణార్థులు వచ్చారు, వాళ్ళకి గుడి లేదు. 1837లో కట్టిన సినగాగ్ అలా వాళ్ళదైంది. లోపల ఇది సినగాగ్ అని దాచరు. ఇంకో విషయం, ఆ ఊరి యూదుల్లో ఒక గుంపు 1938 వసంతంలోనే, అంటే ఆ రాత్రికి ముందే, కలిసికట్టుగా పాలస్తీనా వెళ్ళి శావేయ్ త్సియోన్ అనే గ్రామం కట్టుకున్నారు. పశువుల బేరగాళ్ళు సముద్రం ఒడ్డున రైతులయ్యారు. ఇప్పటికీ ఆ గ్రామానికీ ఇక్కడివాళ్ళకీ రాకపోకలు ఉన్నాయి. వెళ్ళలేక మిగిలినవాళ్ళని తర్వాత రైళ్ళెక్కించారు.

వీసా_వెయిటింగ్
మన దేశంలో కూడా ఇలాంటివి ఉన్నాయి కదా? కొచ్చిలో?

తెనాలి_తంబి
ఉన్నాయి, కానీ తేడా చూడాలి. ఎర్నాకుళం మార్కెట్ వీధిలో కడవుంభాగం సినగాగ్ చాలా ఏళ్ళు అలంకార చేపలు, మొక్కలు అమ్మే దుకాణం. నడిపింది ఆ సమాజానికి చెందినాయనే. జనం ఇజ్రాయెల్‌కి ఇష్టపడి వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు తాళం చెవి పట్టుకుని కూర్చున్నారు. పరవూరు, చేందమంగళం సినగాగులు కేరళ ప్రభుత్వం మ్యూజియాలు చేసింది. అక్కడ ఎవరూ ఎవర్నీ తరమలేదు.

మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదు సమాజానికి చిన్న సినగాగ్ ఉంది. అది పాత సినగాగ్ కాదు, వాడుకలో ఉన్నది, కాబట్టి ఈ దారానికి రాదు. ఊరికే చెప్పాను.

కొలోన్_కిట్టు
ఇప్పుడు నా అసలు అభ్యంతరం. రేపటి మాట. యూదులే లేని ఊళ్ళో పన్ను డబ్బు పెట్టి మందిరం మెరిపించి అందులో వయొలిన్ కచేరీలు పెడతారు. మరోపక్క బతికున్న యూదు సమాజాలు నగరాల్లో పోలీసు కాపలా మధ్య ప్రార్థన చేసుకుంటున్నాయి. ఆ డబ్బు వాళ్ళకిస్తే?

రాయి_సున్నం
ఇది యూదు సమాజాల్లోనే కొందరు అడిగే ప్రశ్న, తప్పు పట్టను. అయితే కొత్తవి కూడా కడుతున్నారు. 1990 తర్వాత పూర్వ సోవియట్ దేశాల నుంచి రెండు లక్షల మందికి పైగా వచ్చాక సమాజాలు మళ్ళీ నిండాయి. మ్యూనిక్ 2006, మైన్స్ 2010, ఊల్మ్ 2012. స్టుట్‌గార్ట్‌లో అయితే తగలబడిన చోటే 1952లో కట్టారు. ఒకటి ఆపితే ఇంకొకటి వస్తుందనుకోవడం బడ్జెట్ తెలియనివాళ్ళ మాట.

కొలోన్_కిట్టు
బడ్జెట్ తెలిసినవాళ్ళ మాట కూడా నేను నమ్మను, టాక్స్ కడుతున్నాను కాబట్టి.

నెక్కర్_గట్టు
ఈ దారం చదివాక ఆ ఊరి మునిసిపాలిటీకి ఒక మెయిల్ పెట్టాను, మర్యాదగానే. బోర్డులో ఒక వాక్యం కలపమని అడిగాను: ఫలానా ఏడాది బలవంతపు అమ్మకం, ఫలానా నుంచి ఫలానా వరకు గోడౌన్. జవాబు ఇంకా రాలేదు. ఇక్కడి ఆఫీసు సంగతి మీకు తెలిసిందే, బహుశా పోస్టులో పంపుతారు.

రాయి_సున్నం
మునిసిపాలిటీతో పాటు ఊళ్ళో పరిరక్షణ సంఘం ఉంటే వాళ్ళకీ పంపండి. వాళ్ళ దగ్గర ఆ నలభై ఏళ్ళ ఫోటోలు ఉంటాయి. బోర్డు మీద ఎందుకు రాయలేదని అడిగితే ఎక్కువసార్లు వచ్చే కారణం, అప్పటి యజమాని కుటుంబం ఇంకా ఎదురింట్లో ఉండటం.

ఊల్మ్_ఉష
పిల్లల బండితో వెళ్ళగలిగేవి ఏవి? కారు లేదు, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులకి చెల్లే నెలవారీ పాస్) ఉంది.

హెచింగెన్_హేమ
హెచింగెన్‌కి ట్యూబింగెన్ నుంచి రైలుంది, స్టేషన్ నుంచి పాత ఊరికి ఎక్కుడు కాస్త ఎక్కువ, బండి తొయ్యడానికి ఒకరు తోడుండాలి. హైగర్‌లోహ్‌కి బస్సు, అక్కడా కొండా లోయా. యేబెన్‌హౌసెన్‌కి గ్యోపింగెన్ దాకా రైలు, తర్వాత బస్సు, నేల చదును. చాలావాటిని సంఘాలు వారాంతాల్లో కొద్ది గంటలే తెరుస్తాయి, నడిపేది రిటైరైనవాళ్ళు, కాబట్టి వేళలు చూసుకుని వెళ్ళండి. సెప్టెంబరు రెండో ఆదివారం దేశమంతా చారిత్రక కట్టడాలు తెరిచే రోజు, మామూలుగా మూసి ఉండేవి కూడా ఆ రోజు తెరుస్తారు. యూదు శ్మశానాలకి శనివారం వెళ్ళకండి, అది వాళ్ళ విశ్రాంతి దినం, మూసి ఉంటాయి. మగవాళ్ళు తలమీద ఏదో ఒకటి కప్పుకోవాలి, టోపీ చాలు.

బాయిలర్_బాబు
క్రికెట్ టోపీ నడుస్తుందా?

హెచింగెన్_హేమ
నడుస్తుంది.